మొహమాటానికి లైఫ్ సర్టిఫికెట్

దొమ్మేటి వీరభద్రం ఆ మాట వేళాకోళానికి అన్నాడు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే తర్వాత ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్లకి అతనికే అనుమానం వచ్చింది.

కాకినాడలో పాత రేవుకి దగ్గర్లో, సున్నం మొహం చూసి చాలా ఏళ్లయిన ఒక మేడలో నిఘంటు నిర్వహణ మండలి ఉంది. ఉందంటే ఈ కథలో ఉంది, మీరు వెతుక్కుంటూ వెళ్లి ఎండన పడకండి. వీరభద్రం అందులో సంపాదకుడు. సంపాదకుడంటే కళ్లజోడు సర్దుకుంటూ మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వేవాడని అనుకునేరు. తన బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితం మీదా 'చూశాను' అని రాసి పైకి పంపడం అతని పని. చేరిన కొత్తలో ఒకసారి 'చూశాను, బాగాలేదు' అని రాశాడు. బాగాలేకపోవడానికి కారణం చూపమని ఆ కాగితం తిరిగొచ్చింది. కారణం చెబితే రాసినవాళ్లు బాధపడతారని మొహమాటపడి 'బాగాలేదు' కొట్టేశాడు. అప్పట్నించి చూడడమే తప్ప అనడం లేదు.

మొహమాటం వీరభద్రానికి ఉగ్గుపాలతో వచ్చింది. ఆటోవాడు తన సందు దాటి వెళ్లిపోతుంటే ఆపమనలేక, వాడంతట వాడు ఎక్కడ ఆపితే అక్కడ దిగి వెనక్కి నడిచొస్తాడు. భోజనాల్లో సాంబారు వద్దనలేడు, ఆవకాయ కావాలనలేడు. ఒకసారి ఎవరో పొరబాటున తనని ఇంకెవరో అనుకుని షష్టిపూర్తి శుభాకాంక్షలు చెబితే, కాదంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటారని, వంగినవాళ్లని ఆశీర్వదించి పంపాడు. అప్పటికి అతనికి యాభై కూడా నిండలేదు.

ఇక ఆ వేళాకోళం సంగతి. నిఘంటువు కొత్త ముద్రణకి మండలి సమావేశం పెట్టింది. పుస్తకం మరీ లావెక్కిపోయింది, ఇంత లావుకి కుట్టు నిలవదు, కొన్ని మాటలు తీసేస్తే తప్ప అచ్చు వేయలేమని ప్రెస్సువాళ్లు చేతులెత్తేశారు. ఏ మాటలు తీసేయాలన్న దగ్గర పేచీ వచ్చింది. ప్రతి సభ్యుడికీ పక్క జిల్లా మాటలు దండగమారివిగా కనిపించాయి. గొంతులు లేచాయి, కాఫీలు రాలేదు. వాతావరణం తేలిక చేద్దామని వీరభద్రం గొంతు సవరించుకుని, పెన్షనర్లు ప్రతి నవంబర్లోనూ వచ్చి బతికున్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నట్టే మాటలు కూడా వచ్చి ఇచ్చుకుంటే సరిపోతుంది కదండీ అన్నాడు. అని, అందరూ నవ్వుతారని ఆగాడు.

ఎవరూ నవ్వలేదు. మండలి అధ్యక్షులు పెన్మెత్స విజయరామరాజు గారు కళ్లజోడు తీశారు. ఆయన సర్వీసంతా ట్రెజరీ శాఖలో గడిచింది. మనిషి ఎదురుగా నిలబడి ఆయాసపడుతూ బతికే ఉన్నాను బాబూ అంటున్నా, కాగితం లేకపోతే పోయినట్టే లెక్క అని గట్టిగా నమ్మిన పెద్దమనిషి. భాషతో ఆయనకి పరిచయం తక్కువే కానీ, బతికున్నదేదో పోయిందేదో తేల్చే పద్ధతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"వీరభద్రం గారూ," అన్నారు. "ఇంత ఆలోచన ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నారండి?"

సరదాకన్నానండి అని అప్పుడే చెప్పేస్తే పోయేది. కానీ రాజుగారి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అంత పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాక నవ్వులాటకన్నానని ఎలా చెబుతాం? వీరభద్రం తల దించుకున్నాడు. దాన్ని అందరూ వినయం అనుకున్నారు. ఆ సాయంత్రమే అతనికి శాలువా కప్పారు.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. 'పై విషయమును పురస్కరించుకొని తెలియజేయడమేమనగా, నిఘంటువునందు ప్రస్తుతము నివాసము ఉంటున్న ప్రతి పదమును, సదరు పదమును వాడుచున్న వ్యక్తి స్వయముగా హాజరై, ఇద్దరు సాక్షుల సమక్షమున, నవంబరు నెలాఖరులోగా సజీవముగా నిరూపించవలెను. నిరూపణ అందని పదములు దివంగతములైనట్లు భావించి తొలగించబడును. దివంగత పదములను తదుపరి ఎవరు వాడినను ఆ వాడుక చెల్లదు.' దీని చిత్తుప్రతి వీరభద్రం దగ్గరికే వచ్చింది. చూశాను అని రాశాడు.

నవంబరు ఒకటో తారీఖున కింద అంతస్తులో కౌంటరు తెరిచారు. దాని వెనక సూపరింటెండెంట్ మేరీ రత్నకుమారి గారు కూర్చున్నారు. ఆవిడ నిబంధన దాటి తుమ్మను కూడా తుమ్మరని మండలిలో పేరు. మొదటిరోజు ఒకావిడ ఉట్టి కోసం వచ్చింది. మీ ఇంట్లో ఉట్టి ఉందా అని రత్నకుమారి గారు అడిగారు. ఫ్రిజ్ కొన్నాక తీసేశామని ఆవిడ నిజం చెప్పింది. అయితే ఉట్టి పోయినట్టే కదమ్మా అన్నారు ఈవిడ. కృష్ణాష్టమికి వీధిలో కొడతారు కదండీ అని బతిమాలితే, ఏడాదికోసారి కనబడే పదాలకి ఇచ్చే తాత్కాలిక ధ్రువీకరణ ఇచ్చి పంపారు. తాండ్ర కోసం ఆత్రేయపురం వైపు నించి ఇద్దరు నమూనాతో వచ్చారు. కార్యాలయం నమూనాని క్షుణ్ణంగా పరిశీలించి, ఇంకా సందేహం తీరలేదని మర్నాడు మళ్లీ తెమ్మంది. ఆ సందేహం వారం పాటు తీరలేదు. పొరుగు అన్న మాటకి ఇరుగూ పొరుగూ ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలన్నారు. గోడ తగాదా లేని జంట ఒక్కటీ ఊళ్లో దొరక్క ఆ మాట పోయింది. ప్రజాసేవ అన్న మాటకి మాత్రం లారీల్లో సాక్షులు దిగారు. వాళ్లకి నీడన కుర్చీలు వేసి, వచ్చే అయిదేళ్లకి కూడా ముందే ముద్ర వేసి ఇచ్చారు.

కౌంటరు దగ్గర నిరూపణ వీగిపోతే ఆ మాట అప్పటికప్పుడే పోయినట్టు లెక్క. అలా పోయిన మాటల పేర్లు రోజూ గోడకి అంటించి, ఒక్కోదానికి రెండు నిమిషాలు మౌనం పాటించాలని రాజుగారు ఆదేశించారు. మొదటిరోజు మౌనం టిఫిన్ల వేళకి అయిపోయింది. వారం తిరిగేసరికి మధ్యాహ్నం దాకా సాగింది. నెల సగమయ్యేటప్పటికి పొద్దున్న నిలబడ్డవాళ్లు సాయంత్రం ఇళ్లకి పోయేవేళకి గానీ కూర్చోలేదు. కార్యాలయంలో అపూర్వమైన ప్రశాంతత నెలకొన్నదని రాజుగారు పైకి నివేదిక పంపారు. వీరభద్రానికి కాళ్లు వాచాయి. ఇదంతా తన నోటి చలవే అని తెలుసు గనక, పక్కవాళ్లు మోకాళ్లు పట్టుకుని తిట్టుకుంటుంటే అతను కూడా వాళ్లతో కలిసి ఆ ఆలోచన చెప్పినవాణ్ణి మెల్లగా తిట్టేవాడు.

పోయిన మాటలతో బయట ఇంకో తంటా వచ్చింది. అరుగు పోయిన మర్నాడు, వీధిలోకి వచ్చిన అరుగులు కొట్టేయడానికి మునిసిపాలిటీ వాళ్లు గునపాలతో దిగారు. లేనిదాన్ని ఎలా కొడతారండీ, కొడితే రాతపూర్వకంగా ఏం కొట్టామని రాస్తారండీ అని ఇంటివాళ్లు అడిగారు. వాళ్లు గునపాలు భుజాన వేసుకుని వెనక్కి పోయారు. అరుగుల వాళ్లు ఆ అరుగుల మీదే కూర్చుని మండలికి జేజేలు కొట్టారు.

సెల్‌ఫోన్లలో ఉండే నిఘంటువులో మాటలు ఏ రోజుకారోజు మాయమయ్యేవి. నిన్న చూసుకున్న మాట పొద్దున లేచి చూస్తే ఉండేది కాదు. దాంతో జనానికి ఎర్ర కాలికో గుడ్డ అట్ట వేసిన పాత అచ్చు నిఘంటువు గుర్తొచ్చింది. అచ్చయింది అచ్చయినట్టే ఉంటుంది కదా, ఎవడొచ్చి ఏం పీక్కుపోతాడు? ఏళ్ల తరబడి గోడౌన్లో చెదలకి విందు చేస్తున్న ప్రతులు పది రోజుల్లో ఖాళీ అయ్యాయి. కాలవగట్టున పాతపుస్తకాల కొట్లలో జనం ఒకరినొకరు తోసుకున్నారు. పెళ్లికి వెండి కుందులకి బదులు నిఘంటువులు చదివించారు. ఒక కాంట్రాక్టరు తన కొత్తింట్లో గాజు బీరువా చేయించి, అందులో లైటు పెట్టించి, పుస్తకానికి ప్లాస్టిక్ తొడుగు తీయకుండా నిలబెట్టాడు. ఎవరైనా ఇందులో ఏముంటుందండీ అంటే, పోయినవన్నీ ఇందులో ఉంటాయండి అని చెప్పేవాడు. తెరిచి చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఉన్నప్పుడు వాడలేదు గానీ పోతుందంటే మాత్రం ఇంట్లో ఉండి తీరాలి. మనది అదొక రకం ప్రేమ.

ఊరందరి దగ్గరా ఉన్న పుస్తకం వీరభద్రం దగ్గర లేదు. ఉండేది. దాని కథ చెప్పాలి.

పెళ్లయిన కొత్తలో అతని గురువుగారు ఆ ఎర్ర నిఘంటువు బహుమతిగా ఇచ్చారు. భార్య పైడితల్లిది విజయనగరం పక్క పల్లె. కాపురానికొచ్చిన నాలుగోనాడు ఆవిడ బేగి అన్న మాట కోసం పుస్తకం అంతా తిరగేసింది. దొరకలేదు. "ఇంత లావు బుక్కులో మావోళ్ల మాట నేదేటండీ?" అని అడిగింది. సంపాదకుడైన భర్త ఒక పెన్సిలు తెచ్చిచ్చాడు. ఆవిడ పెన్సిలు చెక్కి, ఆ మాట ఉండాల్సిన చోట అంచున రాసి, తొందరగా అని అర్థం కూడా పెట్టింది. మర్నాడు ఇంకో మాట. సాయంత్రం వంట కాగానే ఇద్దరూ పుస్తకం ముందేసుకుని కూర్చునేవాళ్లు. ఆవిడ తమ పల్లెలో మాట చెప్పడం, అతను తన గోదావరి వైపు మాట చెప్పడం, కాదు మాదే బాగుందని తగవు పడడం, చివరికి ఆవిడ రాయడం. ఆ పుస్తకం అంచుల్లో వాళ్ల కొత్త కాపురం ఉంది.

తర్వాత విజయరామరాజు గారు మండలికి అధ్యక్షులై వచ్చారు. మర్యాదకి ఓసారి వీరభద్రం ఇంటికి కాఫీకి వచ్చి, బల్ల మీద పుస్తకం చూసి, భాష గురించి కాస్త తెలుసుకోవాలి కదండీ, రెండ్రోజుల్లో ఇచ్చేస్తానని పట్టుకెళ్లారు. ఆ రెండ్రోజులూ ఇంకా పూర్తి కాలేదు. వీరభద్రం ఎప్పుడు రాజుగారింటికి వెళ్లినా ఆ పుస్తకం హాల్లో అద్దాల బీరువాలోంచి అతన్ని చూస్తుంది. ఓసారి అతను అటే చూస్తుంటే రాజుగారు కావాలాండీ అని అడిగారు కూడా. అడిగినప్పుడైనా అవునంటే ఏం పోయేది? అబ్బే, ఊరికే చూస్తున్నానండి అన్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే పైడితల్లి ఆ పూట అన్నం వడ్డించి పక్కకి వెళ్లి కూర్చుంది. నా చేతిరాత పరాయోళ్ల గదిలో ఉందండీ అని మాత్రం అంది.

నవంబరు చివరి వారంలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. పాత అచ్చు ప్రతులు ఊరినిండా ఉండడం వల్ల దివంగత పదములు వాడుకలోకి తిరిగి చొరబడుచున్నందున, సదరు ప్రతులన్నియు ప్రజలు మండలికి అప్పగించవలెను, వాటిని గుజ్జు చేసి ఆ గుజ్జుతోనే కొత్త నిఘంటువునకు కాగితము తయారు చేయబడును. ముప్పయ్యో తారీఖున మండలి హాల్లో ఈ కార్యక్రమానికి ప్రారంభోత్సవం. ప్రజలకి ఆదర్శంగా ఉండడానికి, అధ్యక్షుల వారు తమ ఇంటి బీరువాలోని సొంత ప్రతిని స్వహస్తాలతో మొట్టమొదట యంత్రంలో వేస్తారు. వీరభద్రం చూశాను అని రాశాడు. రాశాక చూశాడు. సొంత ప్రతి అంటే ఏదో అప్పుడు బుర్రకెక్కింది.

ఆ సాయంత్రమే రాజుగారింటికి బయల్దేరాడు. దారంతా వాక్యం వల్లె వేసుకున్నాడు. మా పుస్తకం ఇప్పించండి. చిన్న వాక్యం, ఎక్కడా అడ్డు తగలదు. తీరా వెళ్లేసరికి రాజుగారి భార్య సుభద్రాయమ్మ గారు ఉప్మా పెట్టించారు, కాఫీ ఇచ్చారు. ఆలోచన మీది, పేరు నాకొస్తోంది అని రాజుగారు చేతులు పట్టుకున్నారు. వీరభద్రం పుస్తకం అనే దాకా వచ్చాడు. ఏ పుస్తకమండీ అన్నారు ఆయన. ఏ పుస్తకమైనా మంచిదే కదండీ అని ఇతను లేచి వచ్చేశాడు.

మర్నాడు రత్నకుమారి గారు ఇంకా నిరూపణ అందని మాటల జాబితా తెచ్చి అతని బల్ల మీద పెట్టారు. అందులో మొహమాటం ఉంది. వీరభద్రం ఆశ్చర్యపోయాడు. ఈ ఊళ్లో ఆ మాట కోసం ఒక్కరు రాలేదా అని అడిగాడు. రాకేమండీ, రోజూ బెంచీ నిండా వస్తున్నారు, ముందు మీరు కానివ్వండంటే అబ్బే ముందు మీరు కానివ్వండని ఒకళ్లనొకళ్లు బతిమాలుకుంటారు, సాయంత్రం కౌంటరు మూసేస్తే అమ్మయ్యా అని ఇళ్లకి పోతారు అని ఆవిడ చెప్పారు.

మొదట వీరభద్రానికి ప్రాణం లేచొచ్చింది. మాట పోతే వాడుక చెల్లదు. అంటే ఒకటో తారీఖు నించి చట్టప్రకారం తనకి మొహమాటం ఉండదు, పుస్తకం దర్జాగా అడిగేయొచ్చు. తర్వాత తేదీలు గుర్తొచ్చాయి. పుస్తకం ముప్పైన పోతుంది, మొహమాటం ఒకటిన పోతుంది. ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. పైడితల్లి అంతా విని, "ఆ మాట ఎలిపోతే మిమ్మల్నేటంటారండీ?" అని అడిగింది.

ఇన్నాళ్లూ పాపం వీరభద్రం గారికి మొహమాటం అని అందరూ ముద్దుగానే అన్నారు. సాంబారు వద్దనలేనప్పుడూ, పుస్తకం అడగలేనప్పుడూ, ఈ దిక్కుమాలిన ఆలోచన సరదాకన్నానని చెప్పలేనప్పుడూ ఆ మాటే అతని మీద గొడుగు పట్టింది. అది తీసేస్తే మిగిలేది ఒకటే, పిరికివాడు. పిరికివాడన్న మాటకి లైఫ్ సర్టిఫికెట్ మొదటిరోజే అందింది. దానికి సాక్షులు చాలామంది సంతోషంగా వచ్చారు. మొహమాటానికి తనే వెళ్లి సంతకం పెట్టాలని ఆ రాత్రి అన్నం ముందే నిశ్చయించుకున్నాడు.

ముప్పయ్యో తారీఖున మండలి హాలు కిటకిటలాడింది. వేదిక మీద గుజ్జు యంత్రానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. పక్కన బల్ల మీద ఎర్ర నిఘంటువు, దానికో బంతిపూల దండ. రాజుగారు పట్టుపంచెలో ఉన్నారు. సుభద్రాయమ్మ గారు ముందు వరసలో కూర్చున్నారు. హాల్లోనే ఓ మూల రత్నకుమారి గారి కౌంటరు చివరిరోజు పని చేస్తోంది. వీరభద్రం పైడితల్లిని వెంటబెట్టుకుని వరసలో నిలబడ్డాడు. అతనికి ముందు ఎవరూ లేరు. అయినా ఎవరైనా వస్తారేమోనని కాసేపు ఆగాడు. వెనక నించి భార్య వీపు మీద పొడిచింది.

"మొహమాటం అండి," అన్నాడు కౌంటరు దగ్గర. "నాకుందండి."

రత్నకుమారి గారు నిబంధనలు తిరగేశారు. ఇంతమందిలోకి వచ్చి, ఇంత సూటిగా అడిగారు కాబట్టి దరఖాస్తుదారుకి మొహమాటం లేనట్టు స్పష్టమవుతోందని, దరఖాస్తు తిరస్కరించడమైనదని చెప్పారు. వీరభద్రం కాదనబోయాడు. కాదని వాదిస్తే ఇంకా లేనట్టవుతుందని ఆవిడ హెచ్చరించారు. ఇది నోటిమాటతో తేలే పదం కాదు, ప్రత్యక్షంగా కనబడాలి అన్నారు. అంత ఖచ్చితంగా చెప్పాక వీరభద్రం సరేనండి అని వెనక్కి తిరిగాడు.

పైడితల్లి తిరగలేదు.

"ఏటమ్మా ఈయనకి నేదంటారు," అంది, హాలంతా వినబడేలా. "ఆ బల్ల మీద దండేసిన బుక్కు ఎవరిదనుకున్నారు? మాది. అందులో ఆ అంచులన్నీ నా రాత. రాజుగారు రెండ్రోజులని పట్టుకెళ్లారు. ఆనాటి నించి ఈనాటి దాకా ఈయన అడగలేదు. ఇప్పుడది ఆ మిషన్లో ఏసేస్తన్నా అడగడం నేదు. మొహమాటం కాకపోతే ఇదేటి?"

హాలు నిశ్శబ్దమైపోయింది. మండలికి మౌనం అలవాటే గనక కొందరు ఎవరి కోసమో తెలియకుండానే లేచి నిలబడ్డారు. వీరభద్రం నేలలోకి దిగిపోవాలనుకున్నాడు. నేల సిమెంటుది. రాజుగారు వేదిక దిగి నెమ్మదిగా కౌంటరు దాకా వచ్చారు. ఆయన మొహం ఎర్రబడిపోయింది.

"నిజమేనమ్మా," అన్నారు. "మొదటి ఏడే ఇచ్చేద్దామనుకున్నాను. ఆలస్యమైపోయింది, ఇప్పుడిస్తే ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదంటారేమో అనిపించింది. ఏడాది గడిచేకొద్దీ ఇవ్వడం ఇంకా కష్టమైపోయిందండి. మిషన్లో వేసేస్తే ఇక ఎవరికీ మొహం చాటేయక్కర్లేదనుకున్నాను."

రత్నకుమారి గారు వెంటనే ఇద్దరి పేర్లూ సాక్షులుగా రాసుకున్నారు. పైడితల్లి సంతకం పెట్టింది, రాజుగారు సంతకం పెట్టారు. సాక్ష్యం ఉంది గానీ ప్రత్యక్ష నిరూపణ ఇంకా లేదని ఆవిడ ముద్ర చేతిలో పట్టుకుని ఆగారు. ఈలోగా రాజుగారు వేదిక ఎక్కి, దండ తీసి, పుస్తకం రెండు చేతులా మోసుకొచ్చి వీరభద్రానికి చాపారు. తీసుకోండి, మీది మీరు తీసుకోండని బతిమాలారు.

పుస్తకం జానెడు దూరంలో ఉంది. ఎర్ర కాలికో కాస్త వెలిసింది. కాగితాల అంచున పెన్సిలు మసక కనబడుతోంది. పైడితల్లి ఊపిరి బిగబట్టి చూస్తోంది. వీరభద్రం చేతులు చాపాడు. ఎదురుగా ఆ పెద్దాయన కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి. ఊరందరి ముందూ ఆయన చేతుల్లోంచి పుస్తకం లాక్కున్నట్టు ఉంటుందేమో అనిపించింది. చాపిన చేతులు వాటంతటవే దండం పెట్టేశాయి.

"పర్లేదండి," అన్నాడు. "తొందరేముందండి. మీ దగ్గరే ఉంచండి."

ఠపీమని ముద్ర పడింది. మొహమాటం సజీవముగా ఉన్నట్లు నిరూపించబడినది, ఒక ఏడాదికి చెల్లును. హాలంతా చప్పట్లు కొట్టింది. పైడితల్లి మాత్రం నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

పుస్తకం ఎవరిదో ఇంతమందికి తెలిసిపోయాక రాజుగారు దాన్ని యంత్రంలో వేయలేకపోయారు. తిరిగి ఇంటికే పట్టుకెళ్లారు. ఉత్తర్వు ప్రకారం అధ్యక్షుల వారి సొంత ప్రతి పడకుండా ఇంకెవరి ప్రతీ పడడానికి వీల్లేదు. అధ్యక్షుల వారికి సొంత ప్రతి లేదు. కార్యక్రమం 'అధ్యక్షుల వారి సొంత ప్రతి సమకూరు వరకు' వాయిదా పడింది. ఆయనకి ఒక ప్రతి ఇవ్వడానికి ఎవరూ ముందుకి రాలేదు. బొట్లు పెట్టిన యంత్రం మీద ఇప్పుడు టీ కప్పులు పెట్టుకుంటున్నారు. జనం దగ్గర పుస్తకాలు జనం దగ్గరే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ప్లాస్టిక్ తొడుగులు కూడా అలాగే ఉన్నాయి.

పైడితల్లి మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. శుక్రవారం పొద్దున్నే తల దువ్వుకుని, మీ వల్ల కాదు, నాను తెస్తానని సంచీ పట్టుకుని బయల్దేరింది. ఆవిడ సంగతి వీరభద్రానికి తెలుసు. కూరగాయల బజారులో ఆవిడ గొంతు వినబడితే కొట్లవాళ్లు తూకం సరిచూసుకుంటారు. అతను బీరువాలో ఓ అర ఖాళీ చేసి, గుడ్డతో తుడిచి, గుమ్మంలో కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఆవిడ తిరిగొచ్చింది. నుదుట కొత్త బొట్టు, చేతిలో తమలపాకులూ, అరటిపళ్లూ, జాకెట్టు గుడ్డా. సంచీ ఖాళీ. వీరభద్రం ఆ సంచీ అందుకుని మేకుకి తగిలించాడు. ఏమైందని అడగడానికి అతనికి ముఖం ఎక్కడిది?

ఆవిడ మంచినీళ్లు తాగి కూర్చుంది. సుభద్రాయమ్మ గారు పుస్తకం తెచ్చి ముందు పెట్టారట. తెరిస్తే తన రాత పక్కన ఇంకో రాత ఉందట, సన్నగా, నీలం సిరాతో. రాజుగారు ఆ పుస్తకం ఎన్నడూ తెరవలేదు గానీ, ఆయన ఆఫీసుకి వెళ్లాక సుభద్రాయమ్మ గారు రోజూ బీరువాలోంచి తీసి చదువుకునేవారట. బేగి అని తను రాసినచోట, మా అమ్మమ్మ కూడా ఇలాగే అనేదని ఆవిడ రాసుకున్నారట. రాజుల ఇళ్లలో పరదాల వెనక పెరిగిన ఆడపిల్లలు వాళ్లలో వాళ్లు వాడుకున్న మాటలు, వంటింటి మాటలు, ఇంకెక్కడా చెప్పుకోలేని మాటలు, కాగితం అంచున ఎక్కడ పైడితల్లి మాట ఉంటే అక్కడ, జత కోసం వచ్చినట్టు. ఈ రాత ఎవరిదో ఎప్పటికైనా కనుక్కోవాలని ఇన్నేళ్లూ అనుకున్నానమ్మా, ఎలా అడగాలో తెలియలేదు అన్నారట.

"ఆ బుక్కు మనింట్లో ఉంటే అరలో ఉండీది," అంది పైడితల్లి, జాకెట్టు గుడ్డ మడత విప్పుతూ. "ఎలగడగనండీ?"

వీరభద్రం లేచి, తుడిచి ఉంచిన అర కనబడకుండా బీరువా తలుపు వేశాడు. వచ్చే శుక్రవారం మళ్లీ వెళ్తున్నానని ఆవిడ చెప్పింది. పుస్తకం తేవడానికా అని అడిగాడు. కాదు, పెన్సిలు పట్టుకెళ్తున్నాను, ఇంకా రాయాల్సినవి ఉండిపోయాయి, ఆవిడా నేనూ కూర్చుంటాం అంది. అని, మూలనున్న డబ్బాలోంచి పాత పెన్సిలు తీసి, చెక్కుకోవడం మొదలుపెట్టింది.

వీరభద్రానికి తనూ వస్తానని అడగాలనిపించింది. పుస్తకం ముందు తనకీ ఓ పక్క చోటిస్తే బాగుండునని గొంతుదాకా వచ్చింది. ఇద్దరాడవాళ్లు కూర్చునే చోట బాగుండదేమోనని ఊరుకున్నాడు.